నీలం పొగ, తెల్ల పొగ

1977 ఉప్పెనకు ముందు మాట. దివిసీమలో మా ఊరికి రెండు మైళ్ళలో ఒక డేరా సినిమా ఆడేది. నేల టిక్కెట్టు కొనుక్కుని ఇసకలో చతికిలబడేవాళ్ళం. నాకు తెర ఎంత ఇష్టమో, తల వెనక్కి తిప్పితే మెషీను గదిలోంచి తెర దాకా సాగే వెలుగు కూడా అంతే ఇష్టం. కథ నడక మందగించినప్పుడల్లా దాన్నే చూస్తుండేవాణ్ణి. ఆ వెలుగులో పొగ సుళ్ళు తిరుగుతూ ఉండేది. నేలలో చుట్టలు, బెంచీల్లో బీడీలు, కుర్చీల్లో సిగరెట్లు. టిక్కెట్టు ధరను బట్టి జనాన్ని మూడు చోట్ల కూర్చోబెట్టారు కానీ పొగకు తడికెలు కట్టినవాడు లేడు. అందరి పొగా పైన అదే వెలుగులో కలిసేది. మా మామ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బొమ్మ అయిపోయేదాకా దగ్గుతూనే చూసేది. మధ్యలో లేచి వెళ్ళిపోదామంటే డబ్బులు పోసి కొన్న టిక్కెట్టాయె.

ఆ వెలుగులో నేనొక సంగతి గమనించాను. పొగ ఒక్క రంగులో లేదు. ముందు వరసలో కూర్చున్న తాత చేతిలో, చుట్ట కొసనుంచి సన్నని దారంలా లేచే పొగ నీలంగా ఉండేది. అదే తాత నోట్లోంచి వదిలిన పొగ తెల్లగా, మబ్బు తునకలా ఉండేది. చుట్ట ఒకటే, మనిషి ఒకడే, రంగులు రెండు. ఎందుకని అడిగితే చెప్పేవాళ్ళు లేకపోయారు. బందరు కాలేజీలో చేరాక గానీ నాకు జవాబు దొరకలేదు. నలుగురు మసిలే చోట పొగ తాగకూడదన్న చట్టం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ రెండు రంగుల దగ్గరే మొదలుపెట్టాలని నాకు అనిపిస్తుంది.

పొగ అంటే వాయువులూ, అతి సన్నని నలుసులూ కలగలిసిన ముద్ద. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాను అంటారు. చుట్ట కొసన అప్పుడే పుట్టిన నలుసులు చాలావరకు అందులో పదో వంతు నుంచి సగం లోపే ఉంటాయి. అంత చిన్న నలుసుల గుంపు మీద వెలుగు పడితే, అందులోని ఎరుపు చాలావరకు తిన్నగా సాగిపోతుంది, నీలం పక్కలకు చెదురుతుంది. మన కంటికి చేరేది ఆ చెదిరిన నీలమే. ఆకాశం నీలంగా కనపడేదీ ఇలాగే, కాకపోతే అక్కడ చెదరగొట్టేవి గాలి అణువులు. నోట్లోకి పోయి వచ్చిన పొగ సంగతి వేరు. నోట్లో, ఊపిరితిత్తుల లోపల అంతా తడి. అక్కడ నలుసులు నీరు పట్టి ఉబ్బుతాయి, ఒకదానికొకటి అంటుకుని పెద్దవవుతాయి. పెద్ద నలుసులు అన్ని రంగుల్నీ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి కాబట్టి ఆ పొగ తెల్లగా కనపడుతుంది. కావాలంటే కిటికీలోంచి ఎండపొడ పడేచోట ఒక అగరవత్తి వెలిగించి, నల్లటి గుడ్డకు ఎదురుగా పెట్టి చూడండి. కొస దగ్గర నీలం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

అంటే, తెల్ల పొగ ఒక మనిషి నోట్లోనో ఛాతీలోనో కొంత దిగబెట్టి బయటికి వచ్చింది. నీలం పొగ ఎవరి ఛాతీలోకీ పోకుండా, కాలే కొసనుంచి నేరుగా గదిలోకి వచ్చింది. గదిలో నిండే పొగలో దాదాపు 85 శాతం ఈ నీలం పొగే. ఎందుకో లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ఒక సిగరెట్టు సుమారు పది నిమిషాలు కాలుతుంది. ఆ పది నిమిషాల్లో మనిషి పదిసార్లు దమ్ము లాగాడనుకుందాం, ఒక్కో దమ్ముకు రెండు సెకన్లు. మొత్తం కలిపి ఇరవై సెకన్లు. మిగిలిన తొమ్మిది నిమిషాల నలభై సెకన్లూ అది వేళ్ళ మధ్య తనంతట తానే కాలుతూ ఉంటుంది.

ఆ కాలడంలో కూడా తేడా ఉంది. మా ఇళ్ళల్లో కట్టెల పొయ్యి మీద వంట చేసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గొట్టంతో ఊదితే పొయ్యి భగ్గుమంటుంది, పొగ తగ్గుతుంది. ఊదడం ఆపితే కట్టె కనకనలాడుతూ కళ్ళు మండేలా పొగ కక్కుతుంది. సిగరెట్టు అయినా అంతే. దమ్ము లాగినప్పుడు కొసన వేడి 900 డిగ్రీల దాకా పోతుంది, గాలి బాగా అందుతుంది. వదిలేసినప్పుడు వేడి 600 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది, గాలి చాలదు, ఆకు సరిగ్గా కాలదు. అరకొరగా కాలిన ఆకులోంచి కార్బన్ మోనాక్సైడు, అమ్మోనియా, క్యాన్సరు తెచ్చే నైట్రోసమీన్లు మరింత ఎక్కువగా వస్తాయి. గ్రాముకు గ్రాము తూస్తే, తాగేవాడు లోపలికి పీల్చే పొగకన్నా పక్కవాడికి అందే నీలం పొగలో ఇలాంటి విషాలు చాలా ఎక్కువ. ఫిల్టరు ఉన్నా పక్కవాడికి ఉపయోగం లేదు, అది ఉండేది నోటి వైపు కొసన.

చుట్ట సంగతి ఇంకా విడ్డూరం. లంక పొగాకును కాయితంలో కాదు, ఆకులోనే చుడతారు. ఆకు పైపొర గుండా గాలి అంతగా జొరబడదు కాబట్టి కార్బన్ మోనాక్సైడు పెరుగుతుంది. చుట్ట పొగ క్షారగుణం కలది. అందువల్ల నికోటిన్ నోటి పొరల్లోంచే నెత్తురులోకి దిగిపోతుంది. గుండెల నిండా లాగనక్కర్లేకుండానే తాతలకు మత్తు అందేది అందుకే. 'నేను పొగ లోపలికి పీల్చను, నోట్లోనే ఉంచి వదిలేస్తాను' అని మా తాతయ్య ధీమాగా చెప్పేవాడు. నిజమే. అరుగు మీద ఆయన పక్కన ఆడుకునే పిల్లలం మాత్రం ఊపిరి నిండా పీల్చాం. ఆయన మమ్మల్ని ప్రాణంగా చూసుకున్నాడు. ఆ సంగతి ఆయనకు చెప్పగలిగిన మనిషి ఆ రోజుల్లో మా ఊళ్ళో లేడు, అదే నా బాధ.

పొగాకు మన నేలకు పరాయిది. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ఓడల్లో వచ్చింది. ఇంగ్లీషు కంపెనీ బందరులో 1611లో వర్తక స్థావరం పెట్టింది. 1618 నుంచి నాలుగేళ్ళ పాటు అక్కడ ఉన్న విలియం మెథ్‌వోల్డ్, గోల్కొండ రాజ్యం గురించి రాసిన వృత్తాంతంలో పొగాకు సాగును ప్రస్తావించాడు. దాదాపు ఆ రోజుల్లోనే, 1617లో, ఉత్తరాన జహంగీరు పాదుషా పొగ తాగడాన్ని నిషేధించాడు. ఆ ఉత్తర్వు ఎవరూ పట్టించుకోలేదు. పాదుషా నిషేధానికీ మన కాలపు నిషేధానికీ పెద్ద తేడా ఒకటుంది. అది తాగేవాడి అలవాటు మీద పెట్టిన ఆంక్ష. ఇప్పటిది తాగనివాడి ఊపిరి కోసం పెట్టింది. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు, అందుకే ఇంత వివరంగా చెప్పాల్సి వస్తోంది.

పక్కవాడి పొగ ప్రాణం తీస్తుందని లెక్కల్లో తేలడానికి 1981 దాకా పట్టింది. జపానులో తకేషి హిరయామా అనే శాస్త్రవేత్త, పొగ తాగని 91,540 మంది ఇల్లాళ్ళను 14 ఏళ్ళపాటు గమనించాడు. భర్త ఎంత ఎక్కువ తాగితే భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయే ముప్పు అంత పెరిగింది. రోజుకు పెట్టె కాల్చే భర్త ఉన్న ఇల్లాలికి, తాగని భర్త ఉన్న ఇల్లాలితో పోలిస్తే, ఆ ముప్పు దాదాపు రెట్టింపు. వాళ్ళు జన్మలో సిగరెట్టు ముట్టినవాళ్ళు కారు. సిగరెట్టు కంపెనీలు ఆ పరిశోధన మీద విరుచుకుపడ్డాయి. కానీ దేశదేశాల్లో మళ్ళీ మళ్ళీ చేసి చూస్తే అదే తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సరు పరిశోధన సంస్థ 2002లో పక్కవాడి పొగను మనుషులకు క్యాన్సరు తెచ్చే పదార్థాల జాబితాలో చేర్చింది.

ఈ సందర్భంలో శ్రీకాకుళం తీరాన్ని తలుచుకోవాలి. అక్కడి ఆడవాళ్ళు చుట్టను తిరగేసి, నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. దాన్ని అడ్డపొగ అంటారు. ఆ అలవాటున్న పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అంగిటి మీద ఏర్పడే మచ్చల గురించి 1971లో ఒక పరిశోధక బృందం బ్రిటిష్ క్యాన్సరు పత్రికలో రాసింది. నిప్పు ఎక్కడ ఉంటే గాయం అక్కడ. నోట్లో పెట్టుకుంటే అంగిట్లో. వేళ్ళ మధ్య పెట్టుకుంటే ఆ గదిలో ఉన్న అందరి ఛాతీల్లో.

క్యాన్సరు మాట వింటే అందరం భయపడతాం కానీ, పక్కవాడి పొగ ఎక్కువమందిని చంపేది గుండె జబ్బుతో. పక్కవాడి పొగ పీల్చేవాళ్ళకు గుండె జబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం దాకా పెరుగుతుందని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 2006లో తేల్చింది. ఇక్కడ ఒక సందేహం రావాలి. తాగేవాడికి అందే పొగలో పక్కవాడికి అందేది చాలా కొద్ది భాగమే కదా, ముప్పు కూడా అంత కొద్దిగానే ఉండాలి కదా? ఉండదు. డెంగీ జ్వరాల పుణ్యమా అని ప్లేట్‌లెట్ల గురించి ఇప్పుడు మన పల్లెటూళ్ళలో కూడా తెలుసు. నెత్తురు గడ్డకట్టించే కణాలు అవి. పొగ కొంచెం తగిలినా చాలు, అవి జిగురెక్కి ఒకదానికొకటి అంటుకుంటాయి. నెత్తురు నాళాల లోపలి పొర బిగుసుకుంటుంది. కొద్ది పొగతోనే ఈ మార్పు చాలావరకు వచ్చేస్తుంది, ఆ పైన ఎంత పొగ పీల్చినా అదే పాళ్ళలో పెరగదు. 2001లో ఒసాకాలో చేసిన పరీక్షలో, పొగ అలవాటు లేని ఆరోగ్యవంతులైన యువకుల్ని అరగంట పొగ గదిలో కూర్చోబెట్టారు. గుండెకు నెత్తురు అందించే నాళాల సత్తువ వాళ్ళలో పొగరాయుళ్ళ స్థాయికి పడిపోయింది. అరగంట అంటే గుడివాడలో ఒక కాఫీ హోటల్లో స్నేహితుడి కోసం ఎదురుచూసేంత సేపు.

ఇక గది సంగతి. కృష్ణ కాలవ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం మేము. వరద రోజుల్లో కాలవ నీళ్ళు ఎర్రగా వచ్చేవి. బిందెలో పోసి ఇండుప గింజ అరగదీసి కలిపితే తెల్లారేసరికి మట్టి అడుగున దిగి, పైన నీరు తేరుకునేది. పొగ కూడా అలాగే తేరుకుంటుందని అనుకుంటాం. కాసేపటికి కనపడదు కాబట్టి పోయిందనుకుంటాం. పొగ నలుసులు మట్టి రేణువుల్లా బరువైనవి కావు. గంటల తరబడి గాల్లోనే తేలుతుంటాయి. గాల్లో పలచబడితే కంటికి కనపడవు, అంతే. వాటిని గదిలోంచి పంపించే దారి ఒక్కటే: లోపలి గాలి బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రావాలి.

ఒక లెక్క చూద్దాం. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది. 3,000 ఘనపుటడుగులు, అంటే 85 ఘనపు మీటర్లు. ఒక సిగరెట్టు గదిలోకి సుమారు 10 మిల్లీగ్రాముల నలుసుల్ని వదులుతుంది. తలుపులు మూసిన ఆ గదిలో ఒక్క సిగరెట్టుతో ఘనపు మీటరుకు 118 మైక్రోగ్రాములు చేరతాయి. ఇలాంటి సన్నని నలుసులు రోజు మొత్తం సగటున 60 దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం 15. నలుగురు కూర్చుని తలా ఒకటి వెలిగిస్తే ఆ అంకె ఎక్కడికి పోతుందో మీరే గుణించుకోండి.

గుడివాడలో ఒక బారులోకి నేను ఈ లెక్క మనసులో పెట్టుకునే వెళ్ళాను. నడివేసవి, సాయంత్రం ఏడు. బయట ఉక్కపోతకు చొక్కా ఒంటికి అంటుకుపోతోంది, లోపల రెండు స్ప్లిట్ ఏసీలు హాయిగా చల్లబరుస్తున్నాయి. చెరువుల లెక్కలు, రొయ్య కౌంటు ధరలు మాట్లాడుకుంటున్న బల్లలు. పైకప్పు కింద పొగ పొరలుగా నిలబడి ఉంది. గోడకు 'పొగ త్రాగరాదు' అన్న బోర్డు ఉంది. దాని కింద బల్ల మీద యాష్ ట్రే కూడా ఉంది. ఏసీ ఉంది కదా, పొగ లాగేస్తుందని ఎదుటి బల్ల పెద్దమనిషి నాతో అన్నాడు. ఆయన ఒక్కడే కాదు, చాలామంది అలాగే నమ్ముతున్నారు. స్ప్లిట్ ఏసీ గాలిని బయటికి పంపదు. గదిలో ఉన్న గాలినే లోపలికి లాగి, అందులో వేడినీ తేమనూ తీసేసి, మళ్ళీ అదే గదిలోకి వదులుతుంది. బయటికి పోయేది గొట్టంలోంచి కారే నీళ్ళూ, వెనక పెట్టెలోంచి వచ్చే వేడీ. చల్లదనం పోకూడదని తలుపులు బిగిస్తారు కాబట్టి, ఏసీ లేని పాత పాకకన్నా ఏసీ గదిలోనే పొగ ఎక్కువసేపు నిలుస్తుంది. బందరులో సాయంత్రం పూట సముద్రపు గాలి తోలుతుంటే, నాలుగు వైపులా తెరిచి ఉన్న పాకలో ఒకడు చుట్ట తాగినా ఆ పొగ నిమిషంలో చెదిరిపోతుంది. ఆరుబయట కూడా రెండు మూడడుగుల్లో కూర్చున్నవాడికి పొగ గట్టిగానే తగులుతుంది కానీ దూరం జరిగితే చప్పున తగ్గిపోతుంది. ఏసీ గదిలో జరగడానికి చోటేదీ?

భవనాలకు గాలి ఏర్పాట్లు చేసే ఇంజనీర్ల అమెరికా సంఘం ఒకటుంది, ఆష్రే అంటారు. గాలి వ్యాపారం మీదే బతికే ఆ వృత్తివాళ్ళే 2005లో ఒక మాట తేల్చి చెప్పారు: గదిలో పొగ వల్ల కలిగే ఆరోగ్యపు ముప్పును ఏ ఫ్యానూ, ఏ వడపోత యంత్రమూ పూర్తిగా తీసెయ్యలేదు, పొగ తాగనివ్వకపోవడమొక్కటే మార్గం.

ఆ బారులో నాకు గుర్తుండిపోయింది మాత్రం సప్లయరు కుర్రాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ముదినేపల్లి వైపు ఊరు. పగలు పదకొండింటికి వస్తే రాత్రి పదిన్నరకు వెళ్తాడు.

"నువ్వు తాగుతావా బాబూ?" అనడిగాను.

"అలవాటు లేదండీ. ఈ వాసనకే సరిపోద్దండీ" అన్నాడు.

ఇంటికెళ్ళగానే చొక్కా విప్పి దండెం మీద బయటే ఆరేస్తాడట. చంటిబిడ్డ ఉంది, ఆ వాసనకు తుమ్ముతుందట. వాళ్ళావిడ అలా నియమం పెట్టింది. ఆ అమ్మాయి ఏ పుస్తకంలోనూ చదివి ఉండదు కానీ, నికోటిన్ గుడ్డలకూ గోడలకూ పట్టుకుని, తర్వాత మెల్లగా గాల్లోకి వెలువడుతుందన్నది ప్రయోగశాలలు ఈమధ్యనే వివరంగా పట్టుకున్న సంగతి. ఆ బారుకు వచ్చేవాళ్ళు గంటో రెండు గంటలో కూర్చుని వెళ్ళిపోతారు. వాళ్ళందరి పొగా పదకొండున్నర గంటలపాటు పీల్చేది ఈ కుర్రాడు. వాడికి లేచి వెళ్ళే వీల్లేదు.

ఇదంతా చట్టానికి తెలియక కాదు. బస్సులో, ఆఫీసులో ఎవరో తాగే పొగ నా బతుకు హక్కును హరిస్తోందని జనం కోర్టుకెక్కితే, 1999 జులైలో కేరళ హైకోర్టు ఔనంది. రాజకీయ నాయకుడు మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆస్పత్రులు, బడులు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్ళలో పొగ తాగడం ఆపమని ఆదేశించింది. తాగనివాడు తన తప్పు లేకుండా ఎందుకు బాధపడాలన్నదే ఆ తీర్పు వెనక ఉన్న ప్రశ్న. మన రాష్ట్రం 2002లో సొంతంగా ఒక చట్టం చేసుకుంది. 2003లో పార్లమెంటు పొగాకు ఉత్పత్తుల చట్టం తెచ్చింది. 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, దాని కింద కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. పని చేసే చోట్లు, సినిమా హాళ్ళు, క్యాంటీన్లు, బార్లు, పబ్బులు అన్నీ నిషేధంలోకి వచ్చింది అప్పుడే. రైల్వే స్టేషన్లో, బస్టాండులో పైకప్పు లేని చోట్లకు కూడా మినహాయింపు లేదు. గుమ్మం దగ్గర 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పున బోర్డు పెట్టాలి. యాష్ ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో ఉంచకూడదు. జరిమానా 200 రూపాయల దాకా.

ముప్పై మంది, అంతకన్నా ఎక్కువమంది కూర్చునే హోటలుకు, ముప్పై గదులున్న లాడ్జికి మాత్రం విడిగా పొగ గది పెట్టుకునే వెసులుబాటు ఇచ్చారు. ఆ గది ఎలా ఉండాలో నియమాల్లో చదివితే, రాసినవాళ్ళకు గాలి నడక బాగా తెలుసని అర్థమవుతుంది. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడలుండాలి. దానంతటదే మూసుకునే తలుపుండాలి. లోపలి గాలిని నేరుగా బయటికి తోసే యంత్రం ఉండాలి. ఆ గదిలో గాలి ఒత్తిడి పక్క గదులకన్నా తక్కువగా ఉండాలి. ఒత్తిడి తక్కువైతే తలుపు తీసినప్పుడు గాలి పొగ గదిలోకే పోతుంది, అందులోంచి బయటికి రాదు. పల్లానికే నీరన్నట్టు. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో నేను చూసిన వాటిలో ఇలాంటి గది ఒక్కటీ లేదు. ఒక మూల నాలుగు బల్లలు వేసి 'స్మోకింగ్' అని రాసిపెట్టడం చూశాను. చెరువులో ఒక మూల గేదెల్ని కడిగి, రెండో మూల మంచినీళ్ళు ముంచుకోమన్నట్టుంది.

నిషేధం గట్టిగా అమలు చేస్తే ఏమవుతుందో చూసిన దేశాలున్నాయి. ఐర్లండు పబ్బుల దేశం. 2004 మార్చి 29 నుంచి పబ్బులతో సహా పనిచోట్లన్నిటా పొగ ఆపేసింది, దేశం మొత్తానికి ఇలా చేసిన మొట్టమొదటి దేశం అదే. అక్కడ దాన్ని తాగేవాళ్ళ మీద ఆంక్షగా కాక, పనివాళ్ళ ఆరోగ్య రక్షణగా తెచ్చారు. నాకు ఆ చట్టంలో బాగా నచ్చింది ఇదే. నికోటిన్ మన ఒంట్లో మారి కోటినిన్ అవుతుంది. ఎంగిలి పరీక్ష చేస్తే అది ఎంత ఉందో తెలుస్తుంది, దాన్ని బట్టి ఆ మనిషి పక్కవాళ్ళ పొగ ఎంత పీల్చాడో చెప్పొచ్చు. ఐర్లండులో పొగ అలవాటు లేని బారు పనివాళ్ళ ఎంగిలిలో కోటినిన్ నిషేధం తర్వాత 80 శాతం పడిపోయింది. స్కాట్లండు 2006 మార్చి 26న నిషేధం పెట్టింది. అక్కడి టేసైడ్ ప్రాంతంలో పొగ అలవాటు లేని బారు పనివాళ్ళలో దగ్గు, ఆయాసం, కళ్ళ మంటల్లాంటి బాధలున్నవాళ్ళు అంతకుముందు వందకు 79 మంది. నెల తిరిగేసరికి 53 మంది. ఒక్క నెలలో! తొమ్మిది పెద్దాస్పత్రుల్లో గుండెపోటు లక్షణాలతో చేరేవాళ్ళు పది నెలల్లో 17 శాతం తగ్గారు. తగ్గినవాళ్ళలో ఎక్కువమంది పొగ తాగనివాళ్ళే.

బయట ఆపితే ఇంట్లో తాగుతారు, పిల్లలకు ఎక్కువ తగులుతుంది అని అక్కడా అన్నారు, ఇక్కడా అంటారు. ఆ భయం సహేతుకమైందే కాబట్టి దాన్నీ కొలిచి చూశారు. స్కాట్లండులో పదకొండేళ్ళ పిల్లల ఎంగిలిలో కోటినిన్ పెరగలేదు సరికదా 39 శాతం తగ్గింది. నలుగురిలో ఆపిన అలవాటు ఇంట్లో కూడా జంకుతుందన్నమాట. మన దేశంలో ఇంటి పొగ చిన్న సమస్య కాదు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో పొగ తాగేవాళ్ళు 10.7 శాతం. ఇంట్లో పొగ పీల్చాల్సి వస్తున్నవాళ్ళు 38.7 శాతం. ఒకడి వేళ్ళ మధ్య నిప్పుకు దాదాపు నలుగురు ఊపిరి అప్పగిస్తున్నారు.

పొగాకు రైతు ఏమైపోవాలని కూడా అడుగుతారు. రైతు బిడ్డగా నాకా ప్రశ్న తేలిక కాదు. పొగాకు బోర్డు వేలం వేయించే వర్జీనియా పొగాకు మన రాష్ట్రంలో ఎక్కువగా ప్రకాశం, నెల్లూరు, గోదావరి మెట్టల్లో పండుతుంది. అందులో పెద్ద భాగం పరదేశాలకు పోతుంది. గుడివాడ బారులో నాలుగు బల్లలు పొగ మానేసినంత మాత్రాన కందుకూరు రైతు పొగాకు ధర పడిపోదు. ఆ రైతు కష్టం వేరే, దానికి వేరే అధ్యాయం కావాలి.

ఆపడం సాధ్యం కాదనేవాళ్ళకు నేను బస్సును చూపిస్తాను. నా చిన్నతనంలో అవనిగడ్డ బస్సు ఎక్కితే కిటికీలు మూసిన వానాకాలంలో పొగకు కళ్ళు నీళ్ళు కారేవి. అదేమిటని అడిగిన ఆడమనిషిని, నీకంత సుకుమారమైతే కారు కొనుక్కోమనేవాళ్ళు. మొన్న చల్లపల్లిలో పల్లెవెలుగు బస్సు ఎక్కాను. మొవ్వ వైపు వెళ్ళే ముసలాయన ఒకాయన వెలిగించిన చుట్టతో మెట్టు మీద కాలు పెట్టాడు. కండక్టరమ్మ గొంతు పెంచకుండా, "తాతా, ఆర్పి ఎక్కు" అంది. ఆయన కాలు కిందికి దించి, చుట్ట కొసను బస్సు చక్రానికి ఒకసారి నులిమి, చల్లారిందో లేదో బొటనవేలితో తడిమి చూసుకుని, చెవి మీద దోపుకుని ఎక్కాడు. జరిమానా రాయలేదు, పోలీసు రాలేదు. బస్సులో ఎవరూ తలెత్తి చూడలేదు కూడా. ఇక్కడిదాకా రావడానికి ఎంతమంది కండక్టర్లు ఎన్నివేలసార్లు ఆ మాట అని ఉంటారో.

ఆ సంగతి తర్వాత మళ్ళీ గుడివాడ వెళ్ళినప్పుడు సప్లయరు కుర్రాడికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"ఆవిడకు వెనకాల డిపో ఉందండీ. ఆ మాట నేనంటే నాకు రేపు పని ఉండదండీ" అన్నాడు.

2008 నియమాల్లో ఆ కుర్రాడికి తెలియని వాక్యం ఒకటుంది. ఆ చోటికి యజమానో, మేనేజరో ఎవరైతే ఉన్నారో, పొగ ఆపించే బాధ్యత వాళ్ళదే. ఫిర్యాదు వచ్చాక కూడా ఊరుకుంటే, ఎంతమంది తాగారో అన్ని జరిమానాలకు సమానమైన మొత్తం వాళ్ళే కట్టాలి. ఆ మాట అనాల్సింది వాడు కాదు, కౌంటరులో కూర్చున్నాయన. నేను లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళి, ఆ బోర్డు చూపించి అడిగాను. ఆయన బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు, సరేనండీ అన్నాడు. కుర్రాడిని పిలిచి బల్లల మీద యాష్ ట్రేలు తీసెయ్యమన్నాడు. వాడు ఒక్కొక్కటే తీసి, బూడిద ఎగరకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, పళ్ళెంలో పేర్చుకుంటూ లోపలికి పట్టుకెళ్ళాడు. వాటిల్లో ఒక దానిలో ఇంకా ఆరని పీక నుంచి నీలం పొగ సన్నగా లేస్తూనే ఉంది.